ఇరవై రెండు అంగలు

"అప్పటికి పద్నాలుగేళ్లొచ్చాయి, కళ్లు లేవూ నీకు? నాన్న పార భుజాన వేసుకుని ఎటు నడిచాడో చూడలేదూ?"

"చూళ్లేదక్కా! ఎన్నిసార్లు చెప్పను? అమ్మ నన్ను పాలు పితకమని కొట్టంలోకి తోలింది. నేను ఆవు పొదుగు చూశాను, ఇంకేమీ చూళ్లేదు."

"అబద్ధం."

"సరే, అబద్ధమే. యాభై ఏడేళ్లుగా అదే అబద్ధం ఆడుతున్నాను. నాకింకేం పని లేక."

"పనుండే నాన్న చెప్పమన్న మాట నలభై ఏళ్లు మింగి కూర్చున్నావు కదరా!"

గార్త్ ఎంగెన్ పొక్లెయిన్ గొలుసుపట్టా మీద కూర్చుని ప్లాస్కులోంచి కాఫీ వంచుకుంటున్నాడు. మాటలు ఇంటి వెనక నుంచి వస్తున్నాయి. ఒకరి ఇంటి గొడవ వినడం మర్యాద కాదు. కానీ ఈ మైదానంలో మాట ఆగడానికి చెట్టూ లేదు, గుట్టా లేదు. చెవులు మూసుకుందామంటే ఒక చేతిలో కప్పు, ఇంకో చేతిలో మూత.

అతనికి నలభై రెండేళ్లు. పాడుబడ్డ ఇళ్లను పూడ్చడం అతని పని. కెనడాలోని సస్కాచెవాన్‌లో ఆ పనికి కొదవ లేదు. చిన్న రైతు అమ్ముకుని టౌనుకు పోతాడు, పెద్ద రైతు కొంటాడు. పెద్ద రైతుకు ఇల్లు అడ్డం, కొట్టం అడ్డం, చెట్లూ అడ్డమే, అతని విత్తనాల యంత్రం అరవై అడుగుల వెడల్పు మరి. అప్పుడు గార్త్‌కి ఫోనొస్తుంది. గార్త్ పెద్ద గొయ్యి తీస్తాడు, ఇంటిని అందులోకి నెడతాడు, దానిమీద కొట్టం నెడతాడు, అంటిస్తాడు, చల్లారాక మట్టి కప్పి చదును చేస్తాడు. మరుసటి వేసవికి అక్కడ నూనెగింజల పంట కనోలా పసుప్పచ్చగా పూస్తుంది. అక్కడ ఇల్లుండేదని చెప్పడానికి ఎవరైనా ముసలాళ్లు మిగిలుండాలి. పదకొండేళ్లలో నలభై మూడు ఇళ్లు అలా మట్టిలో కలిపాడు. ఒక్క ఇంట్లోకీ అడుగు పెట్టలేదు. పెడితే పని సాగదని అతనికి మొదటి ఇంటి దగ్గరే తెలిసింది.

ఇంటి మూల తిరిగి నెట్టీ వచ్చింది. డెబ్బై ఆరేళ్ల మనిషి. కుడి తుంటి మార్పించుకుని ఇంకా ఏడాది నిండలేదు, కర్ర ముందు పడుతోంది, కాలు ఆలోచించి పడుతోంది. వెనకాల తమ్ముడు ఓరెస్ట్, టోపీ చేత్తో నలుపుతూ.

"నువ్వు ఎంగెన్ల పిల్లాడివి కదూ? గార్త్‌వి. క్యాబేజీ చుట్టల్లో మాంసం తినేసి ఆకు బల్ల కింద పడేసేవాడివి."

"నేనే ఆంటీ. ఇప్పుడు ఆకు కూడా తింటున్నాను."

టార్న్‌బీ ఊరి బడి వంటింట్లో ఇరవై ఆరేళ్లు గరిటె తిప్పింది ఆవిడ. ఈ చుట్టుపక్కల నలభై దాటినవాళ్లలో ఆవిడ చేతి పిరోహీలు, బంగాళాదుంప కూరిన ఆ ఉడకబెట్టిన కజ్జికాయలు, తినని నోరు లేదు.

"ఇది ఎప్పుడు తగలబెడతావు?" అంది ఇంటివైపు కర్ర చూపించి.

"మధ్యాహ్నం లోపే అనుకున్నాను. గాలి పడిపోయినప్పుడే అంటించాలి. సాయంత్రానికి మంచు అంటున్నారు. రేపు పొద్దున్నే ఈ బండి వేరే జిల్లాకు పోవాలి."

"నాకొక పూట ఇవ్వు."

"ఇవ్వకు," అన్నాడు ఓరెస్ట్. "గార్త్, నీ పని నువ్వు చూసుకో. పొలం మనది కాదక్కా, అమ్మేశాం."

"అమ్మేశాం కాదు. అమ్మేశావు."

"సామానేమైనా ఉండిపోయిందా ఆంటీ?" అన్నాడు గార్త్, మధ్యలో నలగలేక.

"నా బిడ్డ ఉంది."

ఓరెస్ట్ టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. "కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని అమ్మ చచ్చేదాకా చెప్పింది. ఈవిడ పొక్లెయిన్ డ్రైవర్ ముందు చించుకుంటోంది," అని గొణిగి, వెళ్లి ట్రక్కులో కూర్చుని తలుపు ధడాలున వేశాడు.

గార్త్ కప్పులో మిగిలిన కాఫీ గడ్డిలో పారబోశాడు. పొలం కొన్నవాడికి ఫోన్ చేస్తే ఏమంటాడో తెలుసు, అందుకని చెయ్యలేదు. "మూడింటిదాకా," అన్నాడు. "అంతకుమించి నా చేతిలో లేదు."

*

నెట్టీకి పద్దెనిమిదేళ్లప్పుడు టెలిఫోను స్తంభాలు పాతడానికి ఒక ముఠా వచ్చింది. ఆ ముఠాలో ఒకడు. అంతకంటే ఆవిడ ఏమీ చెప్పలేదు, గార్త్ అడగనూ లేదు. స్తంభాలు పక్క జిల్లాకు పోయాయి, వాడూ పోయాడు. నెలలు నిండేసరికి తండ్రి ప్రొకీప్ ఆవిడతో మాట్లాడటం మానేశాడు. ఆదివారం చర్చికి కూడా తీసుకెళ్లలేదు.

"మే నెల తొమ్మిదో తారీకు," అంది వంటింటి గుమ్మంలో నిలబడి. "విత్తనాల రోజులు. కింద ఇక్కడ నలుగురు కూలీలు భోంచేస్తున్నారు. పైన నేను తువ్వాలు కొరుకుతున్నాను. అమ్మ మెట్లు దిగి పిరోహీలు వడ్డిస్తుంది, మళ్లీ ఎక్కి నన్ను చూస్తుంది. ఒకడు ఇంకొంచెం మీగడ అడిగాడు. నాకు వినపడింది."

బిడ్డ ఊపిరి తీసుకోలేదు. ఆడో మగో కూడా చూడనివ్వలేదు. అమ్మ పూలకుట్టు తువ్వాలులో చుట్టి కిందికి తీసుకెళ్లింది. బాప్తిస్మం లేని బిడ్డకు చర్చి నేలలో చోటు లేదని ఫాదరు చెప్పి పంపాడు. చీకటి పడకముందే తండ్రి పార తీసుకుని బయటికి వెళ్లాడు. తిరిగొచ్చి చేతులు కడుక్కుని అన్నం తిన్నాడు. ఎక్కడని నెట్టీ అడగలేదు. అడిగే మొహం లేదనుకుంది. తరవాత ఎప్పుడూ ఆ మాట ఆ ఇంట్లో లేవలేదు.

రెండేళ్లకు లెనార్డ్ కూజిక్‌తో పెళ్లయింది. రైలు పట్టాల పక్కన ధాన్యం తూచే ఉద్యోగం అతనిది. మంచివాడు. ఆ మంచివాడికి యాభై మూడేళ్లు ఆవిడ ఈ ఒక్క సంగతి చెప్పలేదు. పిల్లలు కలగలేదు. ఈస్టర్ తరవాత సమాధుల ఆదివారం ఊరంతా శ్మశానంలో తమవాళ్ల దగ్గర రంగు గుడ్లు పెడతారు, ఫాదరు దీవిస్తాడు. నెట్టీ ప్రతి ఏడూ ఒక గుడ్డు ఎక్కువ తీసుకెళ్లేది. ఎక్కడ పెట్టాలో తెలియక సంచిలో వేసుకుని తిరిగి తెచ్చేది. "ఏటా ఒకటెక్కువ ఉడకబెడతావేం?" అనేవాడట లెనార్డ్.

లెనార్డ్ పోయి రెండేళ్లయింది. నిన్న సాయంత్రం ఓరెస్ట్ ఫోన్ చేసి, ఇల్లు కాల్చేస్తున్నారక్కా అని, ఆ తరవాత తండ్రి చివరి రోజుల్లో ఆసుపత్రిలో ఒక మాట చెప్పమన్నాడని చెప్పాడు. 'రాశాను, అక్కకు చెప్పు' అని. అప్పుడెందుకు చెప్పలేదురా అంటే, నువ్వు సుఖంగా కాపురం చేసుకుంటున్నావు, ఎందుకు కెలకడమనుకున్నాను అన్నాడు.

"ఎక్కడ రాశాడు?" అన్నాడు గార్త్.

"గోడల మీద రాసేవాడు నాన్న. కాగితం అంటే నమ్మకం లేదు, ఎలుకలు తింటాయని. ఏ గోడ అనేదే తెలియాలి."

*

వంటింట్లో పొయ్యి ఎవరో ఎత్తుకుపోయారు, కింద నాలుగు కాళ్ల గుర్తులున్నాయి. గోడ కాగితం చెమ్మకు ఊడి నాలికలా వేలాడుతోంది. గార్త్ దాన్ని చించాడు, కింద ఇంకో కాగితం, దాని కింద పాత వార్తాపత్రికలు. పెన్సిలు గీత ఒక్కటీ లేదు. సామాను గది తలుపు వెనక చూశాడు. నేలమాళిగలోకి దిగి బంగాళాదుంపల బల్లలు తిరగేశాడు. పై గదికి మెట్లెక్కుతుంటే మూడో మెట్టు విరిగి మోకాలిదాకా దిగబడ్డాడు.

"చూసుకో, నిన్నూ ఇక్కడే పాతిపెట్టాల్సొస్తుంది," అంది నెట్టీ కింద నుంచి. తనే ముందు నవ్వింది. తరవాత నవ్వలేదు.

కాలు అలా ఉన్నా పైకెక్కింది. గది గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపల ఇనుప మంచం చట్రం ఉంది, పావురాల రెట్టతో తెల్లబడి. కప్పు పడిపోయి ఆకాశం కనిపిస్తోంది. "నువ్వు చూడు," అంది. అతను నాలుగు గోడలూ చూశాడు. ఆవిడ గుమ్మం దాటలేదు.

కొట్టంలో ఇంకో గంట పోయింది. గడ్డి అటక సగం కూలి ఒక పక్కకు ఒరిగింది, సందుల్లోంచి పాత గడ్డి దుమ్ము రాలుతూనే ఉంది. గుర్రాల గాటి దగ్గర పలక మీద రాత కనపడింది. గార్త్ కేకేశాడు. నెట్టీ కర్ర వదిలేసి గాడి అంచు పట్టుకుని నడిచొచ్చి మొహం ఆనించి చదివింది. ఎర్రావు ఎప్పుడు చూలు కట్టింది, ఎప్పుడు ఈనింది. నల్లావు ఎప్పుడు కట్టింది. ఆ పలక నిండా దూడలే.

"పశువుల పుట్టుకలన్నీ రాశాడు," అంది.

పన్నెండు దాటింది. గార్త్ సాండ్‌విచ్ ఒకటి ఆవిడకిచ్చాడు. ఆవిడ దాన్ని విప్పి చూసి, "మీ ఆవిడకు వెన్న కొనుక్కునే స్తోమత లేదా?" అని, అంతా తినేసింది. అప్పుడు కొట్టం వెనక గడ్డిలోకి చూసి లేచి నిలబడింది.

"గాదె!"

*

దుంగల మీద కూర్చోబెట్టిన చెక్క గాదె అది. ఇక్కడ ప్రతి పొలంలోనూ ఇలాంటివి రెండో మూడో ఉండేవి. తలుపు బిగుసుకుపోయింది. గార్త్ గునపం పెట్టి పెరికాడు. లోపల ఎలుకల కంపు. సందుల్లోంచి వెలుతురు చారలు చారలుగా పడుతోంది. ఆ చారల్లో గోడలు కనిపించాయి. నాలుగు గోడలూ నేల నుంచి కప్పుదాకా రాతే. ఒక్క ముక్క కూడా గార్త్‌కు తెలిసిన అక్షరం కాదు, ఉక్రేనియన్. శనివారం శనివారం చర్చి బడిలో నేర్పించారు నెట్టీకి. ఓరెస్ట్ నాటికి ఆ బడి ఎత్తేశారు. ఇరవై ఏళ్లు ఈ గాదెలో గోధుమలు పోశాడు వాడు, గోడ ఏమంటోందో తెలియకుండా.

నెట్టీ తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టింది. "నలభై ఎనిమిది నవంబరు. నేల గడ్డకట్టింది. గోధుమ పుచ్చింది. ఆడపిల్ల పుట్టింది." వెనక్కి తిరిగింది. "మంచు తరవాత, పుచ్చు తరవాత నేను."

అరవై నాలుగు, అరవై అయిదు, అరవై ఆరు. వడగళ్లు, మిడతలు, అమ్మకు జబ్బు. అరవై ఏడు వసంతం దగ్గర పలక ఖాళీ. ఆవిడ చెయ్యి ఆ పలక మీద అటూ ఇటూ తడిమింది. "ఏదీ? అన్నీ రాశాడు, ఇదేదీ?"

గార్త్ మోకాళ్ల మీద కూర్చున్నాడు, తరవాత బోర్లా పడుకున్నాడు. మూలలో నేలకు జానెడు ఎత్తున, గింజలు పోస్తే కప్పడిపోయేచోట, నాలుగు చిన్న వరసలున్నాయి. ధాన్యం ఖాళీ అయితే తప్ప ఎవరికీ కనపడకుండా రాశాడు ముసలాయన. నెట్టీ వంగలేదు. గార్త్ ఫోనుతో ఫోటో తీసి చూపించాడు. ఆవిడ అద్దాలు తుడుచుకుంది, మళ్లీ తుడుచుకుంది.

"మనవరాలు," అంది.

"ఏంటి ఆంటీ?"

"మనవరాలు అని రాశాడు. ఆడపిల్ల. మా నాన్న... మనవరాలు అని." ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుని మిగతాది గబగబా చదివింది. "ఈ మూల నుంచి చర్చి గుమ్మటం వైపు ఇరవై రెండు అంగలు. ప్రభువా, నన్ను క్షమించు. అంతే. పద, పద, మీ ఇంగ్లీషు కాళ్లతో కాదు, మా నాన్న పొడుగు మనిషి, పెద్ద అంగ వెయ్యి!"

"మాది నార్వే ఆంటీ."

"ఏదైతేనేం, వెయ్యి!"

రెండు మైళ్ల అవతల గుమ్మటం పచ్చగా కనిపిస్తోంది. గార్త్ మూలకు వీపు ఆనించి, దానివైపు మొహం పెట్టి నడిచాడు. ఆవిడ వెనక నుంచి గట్టిగా లెక్కపెడుతూ వస్తోంది. పద్దెనిమిది దగ్గర అతని బూటు చెమ్మలో దిగింది. పంతొమ్మిది దగ్గర రెల్లు. ఇరవై అంగ వెయ్యడానికి నేల లేదు. ముందు పశువుల కుంట, అంచుల్లో పలచగా మంచు పొర కట్టి.

నెట్టీ నీళ్లకేసి చూస్తూ నిలబడింది.

"ఈ కుంట నేను ఆరో క్లాసులో ఉండగా తవ్వించారు," అంది. "నీళ్లలో పెట్టి ఉండడు మా నాన్న. అలాంటివాడు కాదు. ఏడాది మాట్లాడలేదు కానీ అలాంటివాడు కాదు."

గార్త్ వెనక్కి నడిచి గాదె పక్కన కూర్చున్నాడు. అడుగు దుంగ కొస దగ్గర గడ్డి పీకాడు. దుంగకు చిల్లు ఉంది, చిల్లులో తుప్పుపట్టిన గొలుసు ముక్క. అతనికి ముందే తట్టాల్సింది, తట్టలేదు. గాదె అంటేనే లాగే వస్తువు. ఒక ఏడు ఇక్కడ, ఇంకో ఏడు అక్కడ. ఈ దేశంలో గాదెను చూసి ఎవడూ దూరం కొలవడు. దుఃఖంలో ఉన్నవాడు తప్ప.

"ఆంటీ," అన్నాడు. "దీన్ని జరిపారు."

*

ఓరెస్ట్ ట్రక్కు దిగి వచ్చాడు, ఇంకా మొహం ముడుచుకునే.

"ఈ గాదె ఎవరు జరిపార్రా?"

"నేనే. డెబ్బై ఒకటిలో," అన్నాడు వెంటనే, కాస్త గొప్పగా కూడా. "నాన్నకు అపెండిక్స్ ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నప్పుడు. అక్కడ అడుగున నీళ్లు ఊరి గోధుమ బూజు పట్టేది. నేనొక్కణ్నే ట్రాక్టరు కట్టి లాగేశాను. పద్దెనిమిదేళ్లకి. నాన్న వచ్చి చూసి..."

అక్కడ ఆగాడు.

"చూసి?"

"మెట్టు మీద కూర్చున్నాడు. ఏమీ అనలేదు. బాగుందనో బాగాలేదనో, ఏమీ. మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు కదా అనుకున్నాను."

నెట్టీ ఫోను అతని చేతిలో పెట్టింది. అతనికి చదవడం రాదు కాబట్టి తనే పైకి చదివి వినిపించింది. మనవరాలు. ఈ మూల నుంచి. ఇరవై రెండు అంగలు.

ఓరెస్ట్ టోపీ తీసేశాడు. "ఆసుపత్రిలో..." అన్నాడు. "అక్కా, నేను నీకు సగమే చెప్పాను. దాచి కాదు. ఆ సగం మందు మత్తులో అన్నాడనుకున్నాను. 'రాశాను, అక్కకు చెప్పు, నువ్వు లాగిన చోటు చూపించు' అన్నాడు. లాగిన చోటేంటి, ఏం లాగాను నేను అనుకున్నాను. ఆ పక్క మడిలో రాళ్లు ఏరడానికి నన్ను రానిచ్చేవాడు కాదు. ఏటా తనొక్కడే ఏరేవాడు. పంట చూసుకుంటున్నాడనుకునేవాళ్లం..."

"ఎక్కడ్నుంచి లాగావు?"

"అక్కడ్నుంచి." చెయ్యి ఎత్తాడు. చెయ్యి ఒకచోట నిలవలేదు, కొట్టం అంచు నుంచి రోడ్డుదాకా మెల్లగా తిరిగింది. అంతా కనోలా కొయ్యకాళ్లే. "కంచె మొక్కల వరస ఉండేది కదా, దానికి అటువైపు. లేదా ఇటువైపు. వరస చివర స్తంభం ఉండేది. పొలం కౌలుకు తీసుకున్నవాడు తొంభై ఎనిమిదిలో అన్నీ పీకేశాడు. గాదె కింది మూల రాళ్లు నాన్న పోయాక నేనే ఏరి పారేశాను, నాగలికి తగులుతున్నాయని."

"గుర్తు తెచ్చుకో."

"అక్కా, ఆ వరస పీకకముందే అడిగుంటే కళ్లు మూసుకుని చూపించేవాణ్ని!"

పొద్దుటినుంచి తమ్ముణ్ని నోటికొచ్చినట్టు తిట్టిన మనిషి, ఇప్పుడు తిట్టలేదు. అది చూసి ఓరెస్ట్ భయపడ్డాడు. "తిట్టు," అన్నాడు. "తిట్టక్కా." ఆవిడ కొట్టం గోడ దగ్గర బోర్లించిన పాల డబ్బా మీద కూర్చుంది. అతను పొలంలోకి పరుగులాంటి నడకతో వెళ్లాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి కొయ్యకాళ్లలో తూలుతూ, ఒకచోట నిలబడి గుమ్మటం వైపు తిరిగి అంగలు లెక్కపెట్టాడు, ఆగాడు, తల అడ్డంగా ఊపాడు, ఇంకోచోట మొదలుపెట్టాడు. అక్కడా ఆగాడు. మళ్లీ ఇంకోచోట. గాలి లేదు కాబట్టి అతని లెక్క ఇక్కడికి వినపడుతోంది. పన్నెండు, పదమూడు. మళ్లీ ఒకటి.

ఎంత లేదన్నా రెండెకరాలు. యాభై ఏళ్లుగా ఏటా నాగళ్లు తిరిగిన నేల. పూలకుట్టు తువ్వాలులో చుట్టిన, ఊపిరి తీసుకోని పసిగుడ్డు. గార్త్‌కు మట్టి సంగతి తెలుసు. ఏమైనా మిగిలుంటుందా అని నెట్టీ అతన్ని అడగలేదు, ఆవిడకూ తెలుసు.

రెండూ నలభై అయింది. మొదటి మంచు పలుకు ఆవిడ కోటు చేతి మీద పడి కరగకుండా కూర్చుంది.

"ఆంటీ, పొలం కొన్నాయనతో నేను మాట్లాడతాను. వసంతందాకా..."

"వసంతానికి ఆ పిచ్చివాడికి ఇంకొంచెం మరుపొస్తుంది." పొలంలో తమ్ముణ్ని చూస్తూనే అంది. "ఇటు రా. వంగు, గట్టిగా మాట్లాడలేను."

గార్త్ వంగాడు. ఆవిడ దగ్గర ఉల్లిపాయల వాసన, చలికోటులో ఏళ్లుగా ఉన్న చిమటగోళీల వాసన. అతని చొక్కా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నీ బండి తీసుకుని వాడి దగ్గరికి వెళ్లు. వాడు ఆఖర్న ఎక్కడ ఆగితే అక్కడ తవ్వు, నెమ్మదిగా. నేను ఇక్కడ్నుంచి చూస్తుంటాను, వాడు దూరంగా నిలబడి చూస్తుంటాడు, దగ్గరికి రానివ్వకు. ఏదైనా కనపడితే మట్టి మళ్లీ కప్పేసి బకెట్టు పైకెత్తు, నాకు కనపడేంత ఎత్తు. వింటున్నావా? ఏమీ కనపడకపోయినా సరే, అంతే ఎత్తు. దొరికిందని వాడు కుదుటపడాలి, నా గుడ్డుకో చోటు కావాలి. తరవాత ఇల్లు తగలబెట్టుకో, నేనేమీ అనను. కానీ ఉందో లేదో మాత్రం నాకు చెప్పకు గార్త్. నేను అడిగినా చెప్పకు."